చెరువు అడుగున సీసం: పాత తుపాకీ, బాతుల వేట, మారిన తూటా

ఈ పాఠం వేట గురించి. వేటను మెచ్చుకోవడం గానీ తిట్టడం గానీ దీని ఉద్దేశం కాదు. ఒక పాత వస్తువును చారిత్రక ఆధారంగా ఎలా చదవాలి? రాతపూర్వక ఆధారాలు నమోదు చేయకుండా వదిలేసిన విషయాన్ని ఆ వస్తువు ఎలా బయటపెడుతుంది? ఈ రెండు ప్రశ్నలే ఇక్కడ మనకు ముఖ్యం. శాసనాలను, నాణేలను, ఫర్మానాలను ఆధారాలుగా చదవడం మీకు అలవాటే. ఇప్పుడు ఒక తుపాకీని, అందులో పెట్టే తూటాను చూద్దాం.

1. అటక మీది తుపాకీ

మీరు ఛత్రినాకలో ఉంటున్నారనుకోండి. మీ గల్లీలో ఒక పాత ఇల్లు. తాతగారు పోయాక ఇల్లు సర్దుతుంటే, అటక మీద తోలు పెట్టెలో జంట గొట్టాల తుపాకీ ఒకటి బయటపడింది. ఇది ఊహించిన ఉదాహరణే. కానీ ఛత్రినాక నుంచి నైరుతి దిక్కున గుట్ట మీద కనిపించే ఫలక్‌నుమా ప్యాలెస్‌ను గుర్తు చేసుకుంటే, అది అసాధ్యమైన ఊహ కాదని మీకే తెలుస్తుంది. ఆ ప్యాలెస్‌ను పాయిగా అమీరు వికార్ ఉల్ ఉమ్రా కట్టించుకున్నాడు. తర్వాత అది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ చేతికి వచ్చింది. 1911లో ఆయన చనిపోయింది కూడా అక్కడే. మహబూబ్ అలీ ఖాన్ గురి తప్పని వేటగాడిగా పేరు పొందాడు. ఏలినవారికి ఉన్న సరదా అమీర్లకు, జాగీర్దార్లకు, వారి కొలువులో పనిచేసినవారికి పాకడం సహజమే కదా.

అలాంటి తుపాకీ మీ కంటపడితే మొదట గుర్తుంచుకోవలసింది: దాన్ని పేల్చి చూడకూడదు. లైసెన్సు ఎవరి పేరున ఉందో తెలుసుకుని, పోలీసు ఠాణాకు గానీ లైసెన్సు ఉన్న ఆయుధాల వ్యాపారికి గానీ చెప్పాలి. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గర పెట్టుకోవడం నేరం, అది తాతల నాటిదైనా సరే. 2019లో జరిగిన సవరణతో ఒక వ్యక్తి ఉంచుకోగల తుపాకుల సంఖ్య మూడు నుంచి రెండుకు తగ్గింది కూడా.

ఇక చరిత్ర విద్యార్థిగా చూడండి. గొట్టాల మధ్య పట్టీ మీద ఒక పేరు చెక్కి ఉంటుంది. అది కలకత్తాకు చెందిన మాంటన్ కంపెనీ పేరో, రోడ్డా కంపెనీ పేరో కావచ్చు. రోడ్డా పేరు మీకు జాతీయోద్యమ చరిత్రలో తగిలే ఉంటుంది. 1914 ఆగస్టులో బెంగాల్ విప్లవకారులు మౌజర్ పిస్తోళ్లను ఎత్తుకుపోయింది ఆ కంపెనీ సరుకులోంచే. అయితే పట్టీ మీద కలకత్తా అని ఉన్నంత మాత్రాన తుపాకీ అక్కడ తయారైందని అనుకోకండి. ఇలాంటి తుపాకుల్లో చాలా భాగం బర్మింగ్‌హామ్‌లో తయారై ఇక్కడి వ్యాపారి పేరుతో అమ్ముడయ్యాయి. పేరు అమ్మినవాడిదే తప్ప చేసినవాడిది కాకపోవచ్చు. ఆధారాన్ని ప్రశ్నించడంలో ఇది తొలి మెట్టు.

అసలు సమాచారం గొట్టాల కింది వైపు ఉంటుంది. ఇంగ్లండ్‌లో తయారైన ప్రతి తుపాకీని మామూలు కంటే ఎక్కువ మందు దట్టించి పేల్చి, గొట్టం తట్టుకున్నాకే ముద్ర వేసేవారు. లండన్ తుపాకీ తయారీదారుల సంఘానికి 1637లోనే రాజశాసనం దక్కింది. బర్మింగ్‌హామ్ పరీక్షాశాల 1813లో ఏర్పడింది. ఆ ముద్రలను బట్టి తుపాకీ ఏ కాలానిదో, ఏ మందుకు పనికివస్తుందో చెప్పవచ్చు. 1904 నుంచి, పొగరాని మందుకు తట్టుకున్న గొట్టాల మీద కిరీటం కింద ఎన్.పి. అనే అక్షరాలు వేశారు. ఆ ముద్ర లేని పాత తుపాకీ నల్లమందు కాలానిదై ఉండవచ్చు. దాని గొట్టం మీద నీటి అలల్లాంటి గీతలు కనిపిస్తే, ఇనుము, ఉక్కు పట్టీలను మెలివేసి అతికించి చేసిన డమాస్కస్ గొట్టం కావచ్చు. అలాంటి దానిలో నేటి తూటా పెట్టడం ప్రాణాలతో చెలగాటమే.

కొన్ని తుపాకుల మీద ఎంత బరువు ఛర్రా వేయవచ్చో ఔన్సుల్లో చెక్కి ఉంటుంది. మరికొన్నింటి మీద 'ఒంటి గుండుకు కాదు' అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు ఉంటాయి. గొట్టం మూతి దగ్గర కాస్త ఇరుకు చేసే పద్ధతి, అంటే చోక్, 1870ల్లో ప్రచారంలోకి వచ్చింది. పెద్ద గుండు ఆ ఇరుకులో ఇరుక్కుంటే గొట్టం చీలిపోతుందని 1875 తర్వాత ఆ హెచ్చరిక వేశారు. అంటే ఏ తుపాకీకి ఏ తూటా అన్న ప్రశ్న 150 ఏళ్ల నాటిదే. దాన్ని తుపాకీ తన ఒంటి మీదే మోసుకు తిరిగింది.

2. కొలతలోనే సీసం

వేట తుపాకీని 12 బోర్ అంటారు. ఈ 12 ఎక్కడిది? ఒక పౌను సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే, ఒక్కో గుండు సరిగ్గా పట్టే గొట్టం 12 బోర్. 16 గుండ్లు పోస్తే 16 బోర్. అందుకే సంఖ్య పెరిగే కొద్దీ గొట్టం సన్నబడుతుంది. తుపాకీని కొలిచే కొలతలోనే సీసం ఉందన్నమాట. సీసం కాకుండా మరో లోహం వాడవలసి వస్తుందని ఆ కొలత పెట్టినవారు ఊహించలేదు.

బాతులను కొట్టడానికి ఒంటి గుండు పనికిరాదు. వందలాది చిన్న గుండ్లు గాలిలో పరుచుకుంటూ పోవాలి. ఆ చిన్న గుండ్లనే హైదరాబాద్ ఉర్దూలో ఛర్రా అంటారు. ఈ పాఠంలో మనమూ ఆ మాటే వాడదాం. ఇంగ్లీషు లెక్కలో ఆరో నంబరు ఛర్రా ఒక ఔన్సుకు, అంటే సుమారు 28 గ్రాములకు, 270 గుండ్లు తూగుతుంది. ఎగిరే బాతును తగిలేవి వాటిలో నాలుగైదు. మిగిలినవన్నీ నీటిలోకే.

ఇన్ని గుండ్లను గుండ్రంగా, ఒకే పరిమాణంలో చేయడం ఎలా? బ్రిస్టల్‌కు చెందిన విలియం వాట్స్ 1782లో దీనికి పేటెంట్ పొందాడు. కరిగిన సీసాన్ని ఎత్తైన బురుజు పైనుంచి జల్లెడ గుండా వదిలితే, వాన చినుకుల్లా గుండ్రబడి కింద తొట్టిలోని నీళ్లలో పడి గట్టిపడతాయి. చినుకులు చక్కగా గుండ్రబడేందుకు సీసంలో కొద్దిగా ఆర్సెనిక్ కలిపేవారు. విషంలో మరో విషం.

సీసం చవక. 327 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరే కరుగుతుంది, పొయ్యి మీద గరిటెలో కరిగించుకోవచ్చు. మెత్తన కాబట్టి గొట్టాన్ని గీయదు. బరువు కాబట్టి దూరం పోయినా వేగం నిలుపుకుంటుంది. ఇంగ్లండ్ నుంచి వచ్చే కాగితపు తూటాలు మన వానాకాలపు తేమకు ఉబ్బిపోయి గొట్టంలో ఇరుక్కునేవి. అందుకని ఇత్తడి గుల్లల్లో మందు, ఛర్రా మళ్లీమళ్లీ ఇంట్లోనే నింపుకునేవారు కూడా ఉండేవారు. ఇన్ని అనుకూలాలున్న పదార్థాన్ని ఎవరు అనుమానిస్తారు?

3. లెక్క పక్షులదే

దక్కన్ పీఠభూమి చెరువుల నేల. కాకతీయుల పాఖాల, రామప్ప మొదలుకుని నగరంలోని హుస్సేన్‌సాగర్ వరకు ఎన్నో. ఛత్రినాకకు పడమటి దిక్కున మీర్ ఆలం చెరువు ఉంది. అర్ధచంద్రాకారపు తోరణాలు 21 వరుసగా నిలబెట్టి కట్టిన దాని ఆనకట్ట 19వ శతాబ్దం తొలి దశకం నాటిది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. చలికాలంలో ఈ నీళ్ల మీదికి మధ్య ఆసియా, సైబీరియాల నుంచి సూదిలాంటి తోక ఉన్నవి, చెంచాలాంటి ముక్కు ఉన్నవి, ఎన్నో రకాల బాతులు వచ్చి దిగేవి. వాటి వెంట తుపాకులూ వచ్చేవి. సికింద్రాబాద్ కంటోన్మెంటు అధికారులకు, రెసిడెన్సీ అతిథులకు, అమీర్లకు చలికాలపు వినోదాల్లో బాతుల వేట ఒకటి.

దీనికి ఆధారాలేమిటి? మొదట ఫోటోలు. మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ షికార్ శిబిరాలను విరివిగా ఫోటోలు తీశాడు. 1902లో వైస్రాయ్ కర్జన్ వరంగల్ వైపు నెక్కొండ ప్రాంతంలో పులుల వేటకు వచ్చినప్పటి ఫోటో చాలా ప్రసిద్ధం. గమనించండి, ఫోటోకు ఎక్కింది పులి. బాతు మీద కాలు పెట్టి నిలబడి ఎవరూ ఫోటో దిగరు. ఘనత ఉన్న వేటకే చిత్రం దక్కుతుంది. సంఖ్యలో ఎన్నో రెట్లు ఎక్కువైన చిన్న వేటకు దక్కదు.

తర్వాత వేట పుస్తకాలు. ఇంగ్లీషు వేటగాళ్లకు ఏ రోజు ఏ చెరువు మీద ఏ పక్షులు ఎన్ని కొట్టారో రాసి పెట్టుకునే అలవాటు ఉండేది. మన దేశంలో ఈ లెక్కల్లో అన్నిటికంటే పేరుమోసినది హైదరాబాద్‌ది కాదు, రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌ది. 1938 నవంబర్ 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో వెంట వచ్చిన వేటగాళ్లు ఒక్క రోజులో 4,273 పక్షులను కొట్టారు. ఆ సంఖ్య అక్కడి కేవలాదేవ్ పార్కులో రాతిపలక మీద ఈనాటికీ ఉంది.

మూడోది శాస్త్రీయ సేకరణ. 1931–32లో సలీం అలీ నిజాం ప్రభుత్వ సహాయంతో హైదరాబాద్ రాష్ట్రపు పక్షులను సర్వే చేశాడు. ఆ ఫలితాలు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వెలువడ్డాయి. ఆ రోజుల్లో సర్వే అంటే పక్షిని కొట్టి, తోలు తీసి, చీటీ కట్టి భద్రపరచడమే. చీటీ మీద పక్షి పేరు, ఆడదో మగదో, చోటు, తేదీ ఉంటాయి. నేడు మనకు తెలిసిన పక్షిశాస్త్రంలో చాలా భాగం ఆ చీటీల మీద నిలబడింది. కాబట్టి ఆయన్ని ఆడిపోసుకోవడం న్యాయం కాదు.

ఇప్పుడు ఈ మూడు ఆధారాలను పక్కపక్కన పెట్టి చూడండి. ఫోటోలో జంతువు ఉంది. పుస్తకంలో పక్షుల సంఖ్య ఉంది. చీటీలో జాతి ఉంది. ఎన్ని తూటాలు కాల్చారు, ఎంత సీసం నీళ్లలో పడింది అన్న లెక్క ఎక్కడా లేదు. రాసినవారు దాచిపెట్టారని కాదు. అది లెక్కించదగ్గ విషయమని వారికి తట్టలేదు. ఆధారాల మౌనం అంటే ఇదే. మౌనాన్ని పూరించాలంటే మనమే లెక్క కట్టాలి. భరత్‌పూర్‌లో ఆ రోజు పక్షికి సగటున రెండు తూటాలు పట్టాయని, తూటాకు ఒక ఔన్సు ఆరో నంబరు ఛర్రా అని అనుకుందాం. ఈ రెండూ మన ఊహలే, దస్తావేజులోనివి కావు. అప్పుడు 8,546 తూటాలు, సుమారు 239 కిలోల సీసం, 23 లక్షల గుండ్లు. ఒక్క రోజులో, ఒక్క చోట.

4. కందనకాయలో రాయి

బాతుకు పళ్లు లేవు. మింగిన గింజను కందనకాయలో రుబ్బుకుంటుంది. రుబ్బడానికి ఇసుక రేణువులు, చిన్న రాళ్లు కావాలి. అందుకని చెరువు అడుగున బురదలో వెతికి మింగుతుంది. ఆరో నంబరు ఛర్రా గుండు వ్యాసం సుమారు 2.6 మిల్లీమీటర్లు. బాతుకు అది రాయిలాగో గింజలాగో కనిపిస్తుంది. రాయి అరగదు, సీసం అరుగుతుంది. కందనకాయలో నలిగి, కడుపులోని ఆమ్లంలో కరిగి, రక్తంలో కలుస్తుంది. రెక్కలు వాలిపోతాయి, మెడ నిలవదు, మేత జీర్ణం కాదు. కొద్ది వారాల్లో బక్కచిక్కి చనిపోతుంది. తుపాకీ దెబ్బ తినని బాతు, వేట అయిపోయిన నెలల తర్వాత, రెల్లు పొదల్లో ఎవరికీ కనబడకుండా చనిపోతుంది. వేట పుస్తకంలోకి ఈ చావు ఎప్పటికీ ఎక్కదు.

దీన్ని మొదట గుర్తించినవారిలో వేటగాళ్లే ఉన్నారు. అమెరికాలో జార్జ్ బర్డ్ గ్రిన్నెల్ 1894లోనే తన 'ఫారెస్ట్ అండ్ స్ట్రీమ్' పత్రికలో నీటి పక్షులకు సీసం విషంగా మారుతున్న సంగతి రాశాడు. అది వేటగాళ్లు చదివే పత్రిక. అయినా ఏమీ జరగలేదు. 1959లో ఫ్రాంక్ బెల్‌రోస్ అనే జీవశాస్త్రవేత్త ఉత్తర అమెరికా నీటి పక్షుల్లో ఏటా 2 నుంచి 3 శాతం సీసపు విషంతో చస్తున్నాయని అంచనా కట్టాడు. అప్పుడూ వెంటనే జరిగింది తక్కువే. సీసం బదులు ఉక్కు ఛర్రా వాడమంటే, అది గొట్టాలను పాడు చేస్తుందని, బాతును చంపకుండా గాయపరిచి వదిలేస్తుందని వేటగాళ్లు ఎదురు తిరిగారు. రాష్ట్రాలు ఒప్పుకుంటే తప్ప కేంద్ర ప్రభుత్వం ఈ నియమాన్ని అమలు చేయకూడదని 1970ల చివర్లో అమెరికా పార్లమెంటులో షరతు కూడా పెట్టించారు.

చివరికి విషయాన్ని తేల్చింది బాతు కాదు, గద్ద. ఆ దేశపు జాతీయ చిహ్నమైన తెల్లతల గద్ద గాయపడిన, జబ్బుపడిన బాతులను తిని, వాటిలోని సీసంతో చస్తోందని తేలింది. ఒక వన్యప్రాణి సంస్థ కోర్టుకు వెళ్లింది. ప్రభుత్వం దశలవారీగా నిషేధం మొదలుపెట్టి 1991 నాటికి దేశమంతటా నీటి పక్షుల వేటలో సీసాన్ని ఆపింది. మన దేశంలో పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా రాబందులకు చేరి వాటిని తుడిచిపెట్టిన సంగతి మీకు తెలిసి ఉంటుంది. పశువుల వైద్యంలో ఆ మందును 2006లో నిషేధించారు. రెండు కథల్లోనూ విషం దారి ఒకటే: ఒక ప్రాణికి ఇచ్చింది, దాన్ని తిన్న మరో ప్రాణిని చంపింది.

డెన్మార్క్ 1985లోనే చిత్తడి నేలల మీద సీసాన్ని ఆపి, 1996లో వేట మొత్తానికి విస్తరించింది. ఇంగ్లండ్‌లో బాతుల వేటకు 1999లో నిషేధం వచ్చింది. యూరోపియన్ యూనియన్ దేశాల చిత్తడి నేలలన్నిటికీ 2023 ఫిబ్రవరి నుంచి వర్తించింది.

5. పాత గొట్టంలో కొత్త ఛర్రా

ఇక్కడ మన అటక మీది తుపాకీ మళ్లీ కథలోకి వస్తుంది. ఛత్రినాక ఇంటి మనవడు ఒకడు టెక్సాస్‌లో స్థిరపడ్డాడనుకోండి. తాతగారి పెట్టెలో ఉన్నలాంటి ఇంగ్లీషు తుపాకీనే అక్కడ ముచ్చటపడి కొన్నాడు. అక్కడ బాతుల వేట చట్టసమ్మతం, కానీ సీసం నిషేధం. అతను ఏ తూటా వాడాలి? ఇది దుకాణంలో తేలే చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ 1904 నాటి లోహశాస్త్రానికీ 1991 నాటి చట్టానికీ మధ్య జరిగే సంభాషణ ఇది.

ఉక్కు అన్నిటికంటే చవక. అయితే దాని సాంద్రత 7.8, సీసానిది 11.3. అదే పరిమాణంలో ఉక్కు గుండు సీసపు గుండు బరువులో సుమారు 69 శాతమే తూగుతుంది. తేలిక కాబట్టి త్వరగా వేగం కోల్పోతుంది. దీన్ని సరిచేయడానికి వేటగాళ్లు రెండు నంబర్లు పెద్ద గుండు తీసుకుంటారు, ఆరు వాడేచోట నాలుగు. తూటా వేగమూ పెంచుతారు. ఇంతవరకు బాగానే ఉంది. కానీ ఒక ఔన్సు ఉక్కు ఒక ఔన్సు సీసం కంటే దాదాపు 45 శాతం ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. పాత ఇంగ్లీషు తుపాకుల్లో తూటా కూర్చునే గది చాలావాటికి 65 మిల్లీమీటర్లే. నేటి తూటాలు 70 లేదా అంతకంటే పొడవు. పొడవైన తూటా పొట్టి గదిలోకి దూరుతుంది, అదే ప్రమాదం. పేలాక దాని మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరిగిపోతుంది.

రెండో చిక్కు గట్టితనం. సీసపు గుండ్లు ఇరుకు మూతి దగ్గర ఒకదానికొకటి నొక్కుకుని సర్దుకుంటాయి. ఉక్కువి సర్దుకోవు. పాత పలుచని గొట్టం మూతి దగ్గర ఉబ్బుతుంది, లోపలి గోడ గీరుకుంటుంది. గట్టి ప్లాస్టిక్ గిన్నెలో ఛర్రా పెట్టి కొంత కాపాడవచ్చు గానీ, ఇరుకు చోక్ ఉన్న పాత తుపాకీకి అదీ పూర్తి రక్షణ కాదు. భారతదేశంలో పనిచేసిన సైనికాధికారి ఫాస్బెరీ రూపొందించగా హాలండ్ అండ్ హాలండ్ కంపెనీ అమ్మిన పారడాక్స్ తుపాకీ సంగతి మరీ క్లిష్టం. ఒకే గొట్టంలో పులికి గుండు, బాతుకు ఛర్రా వాడుకునేందుకు మూతి దగ్గర కొన్ని అంగుళాల మేర మెలిక గాడులు చెక్కారు. షికార్ దేశమైన మన దగ్గర అది బాగా అమ్ముడైంది. ఆ గాడుల మీదుగా ఉక్కు వెళ్లకూడదు. నేటి కొత్త తుపాకుల్లో ఎక్కువ శక్తి గల ఉక్కు తూటాలకు పరీక్ష నెగ్గినవాటి మీద లిల్లీ పువ్వు ముద్ర వేస్తున్నారు. తాతల తుపాకీ మీద ఆ పువ్వు వెతికినా దొరకదు.

అందుకే బిస్మత్ వచ్చింది. కెనడాకు చెందిన జాన్ బ్రౌన్ అనే వేటగాడు తన తుపాకీ కోసం ఈ లోహంతో ప్రయోగాలు చేశాడు. అమెరికా ప్రభుత్వం 1990ల్లో దీన్ని అనుమతించింది. ఆమోదించిన మిశ్రమంలో 97 పాళ్లు బిస్మత్, 3 పాళ్లు తగరం. బిస్మత్ ఒక్కటే అయితే పెళుసు, గుండ్లు పగిలిపోతాయి. దాని సాంద్రత సీసంలో సుమారు 85 శాతం, మెత్తదనంలోనూ సీసానికి దగ్గర. కడుపు మంటకు మింగే కొన్ని మందుల్లో బిస్మత్ లవణాలుంటాయి, అంటే బాతు మింగినా ఫరవాలేదు. టంగ్‌స్టన్ పొడిని మెత్తని ప్లాస్టిక్‌తో కలిపి చేసిన ఛర్రా కూడా పాత గొట్టాలకు సరిపోతుంది. కానీ గట్టి టంగ్‌స్టన్ మిశ్రమాలు ఉక్కు కంటే ప్రమాదం. ఈ రెండింటి పేర్లలోనూ టంగ్‌స్టన్ ఉంటుంది, పేరు చూసి మోసపోకూడదు.

మన మనవడికి జవాబు ఇదీ: ముందు ఆ దేశపు తుపాకీ నిపుణుడి చేత గొట్టం మందం, గది పొడవు, ముద్రలు చూపించుకోవాలి. తుపాకీ పొగరాని మందుకు పరీక్ష నెగ్గినదైతే, గది పొడవుకు సరిపడే తక్కువ ఒత్తిడి బిస్మత్ తూటా. ధర ఉక్కుకు ఎన్నో రెట్లు. పాత తుపాకీతో వేటాడటం ఖరీదైన సరదాగా మారిందని వేటగాళ్లు వాపోతారు. నిజమే. కానీ సీసం చవకగా ఉన్నప్పుడు మిగతా ధర బాతు కట్టింది, గద్ద కట్టింది.

6. మన దగ్గర రాని ప్రశ్న

హైదరాబాద్‌లో ఈ ఎంపిక ఎవరికీ ఎదురుకాలేదు. ఎందుకంటే ఇక్కడ తూటా మారకముందే వేట ఆగిపోయింది. బ్రిటిష్ ఇండియాలో 1887, 1912 చట్టాలు పక్షుల వేటకు కాలాన్ని కట్టడి చేశాయే తప్ప ఛర్రా జోలికి పోలేదు. 1972లో పార్లమెంటు వన్యప్రాణి సంరక్షణ చట్టం చేసింది. వన్యప్రాణులు అప్పట్లో రాష్ట్రాల పరిధిలోని విషయం. కాబట్టి ఆంధ్రప్రదేశ్‌తో సహా 11 రాష్ట్రాల శాసనసభలు తీర్మానాలు చేసి కోరితేనే ఆ చట్టం సాధ్యమైంది. మొదట్లో చిన్న వేట జంతువులకు లైసెన్సు పద్ధతి ఉండేది. 1991 సవరణతో అదీ పోయింది. అమెరికా బాతుల వేటలోంచి సీసాన్ని తొలగించిన ఏడే భారతదేశం చట్టం నుంచి వేటనే తొలగించింది. ఈ యాదృచ్ఛికత నాకు ఎప్పుడూ ఆసక్తిగా అనిపిస్తుంది. అక్కడ వేటగాడు మిగిలాడు, లోహం మారింది. ఇక్కడ వేటగాడు పోయాడు, లోహం గురించి చర్చే పుట్టలేదు.

చర్చ పుట్టకపోవడం వల్ల ఒక నష్టం ఉంది. మన చట్టం చంపడాన్ని నిషేధించింది, సీసాన్ని కాదు. పాత చట్టాల కాలంలో చెరువుల్లో పడిన ఛర్రా ఎంతో ఎవరూ అడగలేదు. దొంగచాటుగా భర్మార్ తుపాకీతో కొట్టేవాడిని చంపిన పక్షి కోసం పట్టుకుంటారు, వదిలిన సీసం కోసం కాదు. 12 బోర్ తూటాలు ఇక్కడ నేటికీ సీసపు ఛర్రాతోనే వస్తున్నాయి.

మరి మీర్ ఆలం చెరువు బురద తవ్వి పరీక్షిస్తే పాత షికార్ల లెక్క తేలుతుందా? తొందరపడకండి. ఆ బురదలో సీసం దొరికితే అది ఎక్కడిదని అడగాలి. 2000 సంవత్సరం వరకు మన పెట్రోలులో సీసం కలిపేవారు. రంగుల్లోనూ సీసం ఉండేది, వినాయక విగ్రహాల రంగుల గురించి నగరంలో ఏటా జరిగే వాదన మీకు తెలిసిందే. కార్ఖానాల మురుగు ఉంది. కరిగి మట్టిలో కలిసిన సీసం తన పుట్టుక చెప్పదు. గుండ్రని గుండుగా దొరికితేనే అది ఛర్రా అని చెప్పగలం. పూడిక పొరల్లో అది ఎంత లోతున ఉందో చూస్తే ఏ కాలానిదో అంచనా కట్టవచ్చు. పూడిక తీసి లారీల్లో తరలించేటప్పుడు ఈ పొరలన్నీ కలగాపులగమవుతాయి, ఆధారం చెదిరిపోతుంది. చెరువు పూడికను దస్తావేజుగా చూసే అలవాటు మన పురావస్తు శాఖలకు గానీ నీటిపారుదల శాఖలకు గానీ ఇంకా కాలేదు.

అభ్యాసం: వీలుంటే సాలార్‌జంగ్ మ్యూజియంలోనో చౌమహల్లా ప్యాలెస్‌లోనో ఆయుధాల విభాగం చూడండి. ఏదైనా ఒక వేట తుపాకీ దగ్గర ఆగి, పక్కనున్న చీటీ మీద ఏయే వివరాలు రాశారో, ఏవి వదిలేశారో మీ పుస్తకంలో రాసుకోండి. తర్వాత, ఒక అమీరు చలికాలంలో 20 రోజులు, రోజుకు 50 తూటాల చొప్పున ఒకే చెరువు మీద కాల్చాడని అనుకుని, 30 ఏళ్లలో ఆ చెరువులో ఎంత సీసం పడిందో కిలోల్లో లెక్కించండి. మీ లెక్కలో ఏ అంకె ఆధారం నుంచి వచ్చింది, ఏ అంకె మీ ఊహ అన్నది పక్కనే విడిగా గుర్తు పెట్టండి.